గొడవకైతే దిగొస్తారు

సూదక్క ఒంటి మీద ఇనప ముక్క ఉండదు. జడకు ప్లాస్టిక్ క్లిప్పు, బట్టలకు గుడ్డ ముడులు, కాళ్ళకు మేకుల్లేని రబ్బరు చెప్పులు. ఇదేదో మొక్కు అనుకునేరు, కాదు. ఊరి చివర గుట్ట మీద అయస్కాంత కేంద్రం ఉంది, అందులో ఆమెది ఉద్యోగం. దిక్సూచి ముల్లును ఉత్తరానికి తిప్పుతుందే, భూమికున్న ఆ అయస్కాంత బలం, దాని హెచ్చుతగ్గుల్ని కొలవడం ఆ కేంద్రం పని. కొలిచే యంత్రం ఎంత గయ్యాళిదంటే, పక్కనుంచి ఎవడన్నా జేబులో చాకు పెట్టుకుని నడిచినా దాని గీత వంకరపోతుంది. అందుకే ఎంత గొప్పవాడొచ్చినా గుట్ట కింద గేటు దగ్గరే బెల్టూ తాళాలూ ఫోనూ బుట్టలో పడేసి పైకెక్కాలి. ఆమె దొంగల్ని సోదా చేసినట్టు చేస్తుంది, బట్టల్లో గుచ్చుకున్న సూదిని కూడా వదలదు. అలా ఆమెకు ఊళ్ళో సూదక్క అనే పేరు స్థిరపడిపోయింది.

పోయినేడు ఇదే ఊరు ఆమెను చెప్పులతో కొట్టింది.

కారణం లేకపోలేదు లెండి. ఒకరోజు యంత్రం గీత ఉన్నట్టుండి పక్కకు జరిగింది. పెద్ద భూకంపాలకు ముందు కొన్నిచోట్ల ఇలా జరిగిందని ఎవరో రాసింది చదివిన మనిషి, కంగారులో పోయి తమ్ముడికి చెప్పింది. తమ్ముడు బట్టల మిల్లులో ఫిట్టరు. వాడు వెనకాముందూ చూడకుండా సైరన్ మోగించాడు. మూడంతస్తుల జనం ఒక్క మెట్లదారి మీద పడ్డారు. భూమి కదల్లేదు, జనం కదిలారు. కిందపడ్డవాళ్ళ మీద నుంచి మిగతావాళ్ళు పరిగెత్తారు. నేత విభాగం మేస్త్రమ్మ చెల్లెలికి నడుం విరిగింది, ఇప్పటికీ మంచం దిగలేదు. ఇంతా చేస్తే తేలిందేమిటి? కేంద్రం ప్రహరీ అవతల ఎవడో ఇల్లు కట్టుకుంటూ లారీడు ఇనప చువ్వలు దింపించుకున్నాడు. సూదక్క తన జేబులు వెతుక్కుంది, లోపలంతా వెతికింది, గోడ మీంచి తొంగి మాత్రం చూడలేదు. అదీ సంగతి.

మర్నాడు మిల్లు గేటు ముందు మేస్త్రమ్మ ఆమె జుట్టు పట్టుకుని వంచింది. మిగతావాళ్ళు తలా ఒక చెయ్యి వేశారు. తమ్ముడు ఆమె మీద అడ్డంపడి పడుకున్నాడు కాబట్టి ఆమెకు ముందుపన్ను ఒక్కటే పోయింది. వాడికి పక్కటెముకలు విరిగాయి. "సైరన్ మోగించింది నేనురా, దాన్నెందుకు కొడతారు!" అని వాడు అరుస్తూనే ఉన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. జనానికి వాడంటే ముద్దు. ఆరడుగుల పైన ఉంటాడు, తలుపులోంచి పక్కకు తిరిగి దూరాలి, వాడి పేరేమో పిచ్చిక. ఏ మహానుభావుడు పెట్టాడో గానీ ఊరంతా అదే పిలుపు. మిల్లు మోటారు మొండికేస్తే వాడు తప్ప ఇంకొకడు లొంగదీయలేడు, అందుకే మేనేజరు కూడా తిట్టి వదిలేశాడు. సైరన్ గదికి మాత్రం తాళం వేయించాడు.

అప్పటినుంచి సూదక్క నోరు కుట్టేసుకుంది. గీత చూడటం, లెక్కలు పంపడం, ఇంటికి పోవడం. ఊళ్ళో ఎవరైనా "ఏం సూదక్కా, ఇవాళ భూమి పడుకుందా, లేచిందా?" అని ఎగతాళి చేస్తే తల వంచుకుని వెళ్ళిపోవడం.

ఇవాళ పొద్దున గీత మళ్ళీ జరిగింది.

ముందు ఆమెకు కోపమే వచ్చింది. ఎవడు తెచ్చాడు ఇనుము? అంకె కదిలితే భూమిని కాదు, నీ జేబుని అనుమానించు అనేది ఆ కేంద్రంలో మొదటి పాఠం. జేబులు తిరగేసింది. జడ విప్పి దులిపింది. యంత్రం ఉన్న గుడిసె చుట్టూ గడ్డిలో చేతులు పెట్టి వెతికింది. ఈసారి ప్రహరీ ఎక్కింది, అవతలికి దూకింది, గుట్ట చుట్టూ కాళ్ళు గీరుకుపోయేలా తిరిగింది. ఇనప చువ్వలు లేవు, లారీలు లేవు, సైకిలు కూడా లేదు. తిరిగొచ్చి చూస్తే గీత ఇంకొంచెం జరిగి ఉంది. ఇనుము తెచ్చి పెడితే గీత ఒక్కసారి గెంతి ఊరుకుంటుంది. ఇది గెంతడం లేదు, జారుతోంది.

కొండలవతల ఇలాంటి కేంద్రమే ఇంకోటి ఉంది. గుట్ట కింద గేటు దాకా దిగి, బుట్టలోంచి ఫోను తీసి అక్కడికి చేసింది.

"మీ దగ్గరేమైనా తేడా ఉందా?"

"ఏం లేదండీ. గీత నున్నగా ఉంది. ఏం, మళ్ళీ భూకంపమా?" అని అవతలివాడు నవ్వాడు.

సూర్యుడి మీద అలజడి రేగినా గీత ఊగుతుంది, కానీ అప్పుడు రెండు చోట్లా ఒక్కలాగే ఊగాలి. ఊగింది ఇక్కడొక్కచోటే. అంటే కారణం ఇక్కడే ఉంది, కాళ్ళ కింద ఉంది. పెద్దాఫీసులో పెద్దసారుకి ఫోను చేసింది.

"చూడమ్మా, గీత కదిలాక భూకంపం వచ్చిన ఊళ్ళున్నాయి, రాని ఊళ్ళు ఇంకా ఎక్కువున్నాయి. ఇది దానికి గుర్తని ఇంతవరకూ ఎవడూ తేల్చలేదు. లెక్కలు పంపు, మేం చూస్తాం. ఊళ్ళో మాత్రం ఒక్క ముక్క మాట్లాడావంటే ఉద్యోగం ఊడుతుంది."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే అసలు బాధ. అబద్ధమైతే ఎదురు తిరగొచ్చు. వస్తుందో రాదో తెలియని దాని కోసం ఎవరి కాలర్ పట్టుకోవాలి? ఊళ్ళో ఇళ్ళన్నీ రేకుల కొంపలు, కూలినా నెత్తిన బొప్పి కడుతుంది అంతే. మిల్లు అలా కాదు. తాతల నాటి ఇటుక కట్టడం, మూడంతస్తులు, గోడల్లో పగుళ్ళు, వాటి మీద సున్నం పూతలు. అందులో కొన్ని వందలమంది. అందులో పిచ్చిక.

సూదక్క మిల్లు దారి పట్టింది.

ముందు గేటు నుంచి ఆమెను రానివ్వరు. వెనక సందులోంచి మోటారు షెడ్డుకి పోయింది. పిచ్చిక నూనె చేతులతో బల్ల మీద కూర్చుని అరటిపండు తింటున్నాడు. అక్క మొహం చూడగానే తొక్క కింద పెట్టాడు.

"ఏమైందే?"

చెప్పింది. ఈసారి గోడవతల కూడా చూశానని చెప్పింది. అవతలి కేంద్రం సంగతి చెప్పింది. పెద్దసారు మాట కూడా దాచకుండా చెప్పింది.

"ఎప్పుడొస్తుంది?"

"ఇప్పుడో, సాయంత్రమో, రేపో. అసలు రాకపోవచ్చురా. నువ్వైతే బయటికి రా. ముందు నువ్వు రా."

"నేనొచ్చేసి? పైన వాళ్ళందరూ?" పిచ్చిక చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "నేను పైకి పోయి భూకంపం అంటే ఏమంటారో తెలుసా? నాన్నా పులి అంటారు. నన్నూ తంతారు, నిన్నూ తంతారు, తన్ని మళ్ళీ మగ్గాల దగ్గరికి పోతారు."

"సైరన్ తాళం పగలగొట్టు."

"పగలగొడితే మళ్ళీ మెట్ల మీద తొక్కుకు చస్తారు. అప్పుడు భూమి దాకా ఎందుకు, మనమే చంపినట్టు." వాడు కాసేపు నోట్లో నాలుకతో పన్ను కెలుక్కున్నాడు. తర్వాత వాడి మొహంలో ఒక నవ్వు పుట్టింది. చిన్నప్పుడు పక్కింటి జామకాయల మీద కన్నేసినప్పుడు పుట్టే నవ్వు అది. "అక్కా, ఈ మిల్లు జనం దేనికి దిగొస్తారో నీకు తెలుసా? జీతాలిస్తున్నారంటే కూడా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళే వస్తారు. గొడవైతే మాత్రం మగ్గం మీద గుడ్డ కాలుతున్నా సరే, అందరూ దిగుతారు. అదీ తోసుకోకుండా. గొడవకొచ్చేవాడు చస్తాననే భయంతో రాడుగా, పళ్ళికిలించుకుంటూ వస్తాడు."

"ఎవరితో గొడవ?"

"నాతోనే. నువ్వు నన్ను కొట్టు. పిచ్చికని వాళ్ళక్క చంపేస్తోందంటే చూడనివాడెవడు?"

"పిచ్చి వాగుడు వాగకు."

"ఇంకో దారి చెప్పు మరి."

ఆమె దగ్గర ఇంకో దారి లేదు.

"బిల్డింగు ముందు కొట్టుకుంటే లాభం లేదు, కిటికీల్లోంచి సినిమా చూసినట్టు చూస్తారు. పత్తి బేళ్ళ గోదాం వెనక ఖాళీ స్థలంలోకి పోదాం. అక్కడ ఏం జరిగినా పైనుంచి కనపడదు, దిగి రావాల్సిందే. గోదామూ రేకుల షెడ్డే, పడినా ఫర్వాలేదు." వాడు లేచి భుజాలు విరుచుకున్నాడు. "సాయంత్రం దాకా రాకపోతే సాయంత్రం దాకా తన్నులు తినాలన్నమాట. అన్నం తిని వచ్చుంటే బాగుండేది."

పెద్ద మోటారు నుంచి మూడంతస్తుల మగ్గాలకీ శక్తి పోయేది ఒకే బెల్టు మీద. పిచ్చిక దాన్ని ఒక్క తన్ను తన్నాడు. బెల్టు జారి నేల మీద పడి దొర్లింది. చెవులు దిబ్బెళ్ళు వేసే రొద ఒక్కసారి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో పైనుంచి ఎవడో "ఒరేయ్ పిచ్చికా, ఏమైందిరా!" అని కేకేశాడు. జవాబుగా సూదక్క గొంతు లేచింది. అంత గొంతు ఆ మనిషికుందని ఆమెకే తెలియదు.

"వెధవా! చచ్చినవాడా! ఇవాళ నీ అంతు చూస్తానురా!"

ఇద్దరూ తిట్టుకుంటూ, తోసుకుంటూ గోదాం వెనక్కి చేరారు. ఆమె చాచి లెంప మీద కొట్టింది. వాడు "అమ్మో" అని మిల్లంతా వినపడేలా అరిచాడు. ముందు కిటికీల్లో తలలు, తర్వాత మెట్ల మీద అడుగులు. మొదటి అంతస్తు దిగింది, రెండో అంతస్తు దిగింది, మూడో అంతస్తువాళ్ళు ఆలస్యమైపోతోందని గొణుక్కుంటూ దిగారు. ఒక్కడు జారిపడితే ఒట్టు. చూస్తుండగానే ఖాళీ స్థలం తిరనాళ్ళలా నిండింది. మేనేజరు కూడా కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చాడు.

సూదక్క పిడికిళ్ళతో గుద్దుతోంది. పిచ్చిక చేతులు అడ్డం పెట్టుకుని వెనక్కి వెనక్కి పోతున్నాడు. ఆమె ఎత్తు వాడి రొమ్ముదాకా. జనానికి నవ్వాగలేదు.

"పిచ్చిక మీద బ్రహ్మాస్త్రం!" అన్నాడొకడు. ఇక విరగబడి నవ్వారు.

"సూదితో పొడవలేకపోయావా అక్కా!"

కాసేపు బాగానే సాగింది. తర్వాత సాగలేదు. ఎంతసేపని చూస్తారు, దెబ్బ తగలని గొడవ? "అక్కాతమ్ముళ్ళ సరసంలో మనకేం పని" అని ఒక ముసలి నేతగాడు మిల్లు వైపు తిరిగాడు. వాడి వెనక ఇంకొందరు. "బెల్టు ఎక్కించి తర్వాత కొట్టుకోండి" అని మేనేజరు గదమాయించాడు.

పిచ్చిక అక్క మెడ మీద చెయ్యి వేసి వంచినట్టు వంచి, చెవిలో అన్నాడు. "గట్టిగా కొట్టవే. పోతున్నారు. రక్తం రావాలి."

"నావల్ల కాదురా."

వాడు ఆమెను ఎత్తి బయట పేర్చిన బేళ్ళ మీదికి విసిరేశాడు. నిజంగానే విసిరాడు. ఆమె పెదవి చిట్లింది, నోరంతా ఉప్పగా అయింది. జనం "ఓహ్" అన్నారు. పోతున్నవాళ్ళు ఆగి వెనక్కి తిరిగారు. ఆమె లేచింది. గోదాం గోడ పక్కన పాడైపోయిన నాడెలు కుప్పగా పడున్నాయి. నాడె అంటే మగ్గంలో దారం అటూ ఇటూ మోసుకెళ్ళే కర్ర ముక్క, రెండు మొనలకూ ఇనప తొడుగులుంటాయి. ఇన్నేళ్ళుగా ఇనుము ముట్టని చేతిలోకి ఒక నాడె వచ్చింది. వాడు కళ్ళతోనే ఊఁ అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని కొట్టింది.

కనుబొమ మీద తెగింది. రక్తం కంట్లోకి, బుగ్గ మీదికి, చొక్కా మీదికి. నవ్వులు ఆగిపోయాయి.

ఇక ఆ తర్వాత ఎవడూ మిల్లు వైపు తిరగలేదు. ఛీ, ఏం మనుషులండీ! ప్రాణం మీదికొచ్చిందని చెబితే వినరు, ప్రాణం పోతోందంటే మాత్రం చూడటానికి మునివేళ్ళ మీద నిలబడతారు. మూడో అంతస్తులో మిగిలిపోయిన కుంటి స్వీపరు కూడా మెట్టు మెట్టుకీ తిట్టుకుంటూ దిగొచ్చాడు. మిల్లులో ఇక పురుగు లేదు.

కానీ భూమి కదలదే! సూదక్క కొడుతోంది. భుజం మీద, మోచేతి మీద, వీపు మీద. వాడు పడుతున్నాడు, లేస్తున్నాడు, ఆమె చెయ్యి మెలిపెట్టి వదులుతున్నాడు. ఇద్దరి ఊపిరీ కొలిమి తిత్తిలా ఆడుతోంది. ఎండ నెత్తిమీదికొచ్చింది. ఒకడు అడ్డం రాబోతే పిచ్చిక వాణ్ణి గుండె మీద తన్ని జనంలోకి తోసేశాడు. "మా ఇంటి గొడవ, ఎవడైనా ముట్టుకున్నాడో!" తోపులాటలో ఇద్దరు నేతగాళ్ళు వాళ్ళలో వాళ్ళు కలబడ్డారు, ఒకడి చొక్కా చిరిగింది, ఒకడి ముక్కు పగిలింది. వాళ్ళని విడదీయబోయినవాడికీ రెండు తగిలాయి.

"ఇంకెంతసేపురా?" అంది సూదక్క పళ్ళ మధ్య నుంచి.

"నీ గీతనడుగు." వాడు నవ్వబోయాడు. నోట్లో రక్తం ఉండటంతో నవ్వు సరిగ్గా రాలేదు. "తిట్లు అయిపోయాయా? తిట్టవే. మాటల్లేకపోతే అనుమానమొస్తుంది."

తిట్లు నిజంగానే అయిపోయాయి. వెధవ, సన్నాసి, దద్దమ్మ, అన్నీ పాతబడిపోయాయి. ఆమె నోరు తెరిచింది. లోపలెక్కడో ఏళ్ళ తరబడి అడుగున పడున్న మాట, ఎవరూ పిలవకుండానే బయటికొచ్చింది.

"అమ్మ నీ పేరు పిలుస్తూ పోయిందిరా! వాడొచ్చాడా, వాడొచ్చాడా అని గుమ్మం వైపు చూస్తూ పోయింది. నువ్వు పేకాట బల్ల దగ్గర కూర్చున్నావు. కబురు పంపితే ఈ ఒక్క ఆట అన్నావట. ఒక్క ఆట!"

పిచ్చిక చేతులు కిందికి దిగిపోయాయి. జనం సంగతి మర్చిపోయాడు, గొడవ సంగతి మర్చిపోయాడు. రక్తం నిండిన కన్ను మూసి, రెండో కంటితో అక్కను చూశాడు.

"అది... అది అనుకోలేదు కదే మనం," అన్నాడు మెల్లిగా.

ఆగి ఉండొచ్చు ఆమె. ఆగలేదు. ఆ క్షణాన మిల్లు లేదు, గీత లేదు. అమ్మ మంచం పక్కన ఒంటరిగా కూర్చున్న ఆ రోజు కోపమంతా చేతిలోకి దిగింది. నాడె గాల్లో తిరిగింది. వాడు తల తప్పించలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. మొన కణత మీద పడింది.

చెట్టు పడ్డట్టు పడ్డాడు. ఈసారి అది నటన కాదు.

"ఒరేయ్," అంది సూదక్క. నాడె చేతిలోంచి జారిపోయింది. "ఒరేయ్ నాన్నా, లేవరా. చాలు, లేవరా." ఆమె వంగి వాడి మొహం పట్టుకోబోయింది. అంతలో వెనకనుంచి రెండు చేతులు వచ్చి ఆమెను నడుం దగ్గర చుట్టేసి పైకి లేపాయి. మేస్త్రమ్మ. మగ్గం దూలాలు ఒంటిచేత్తో ఎత్తే మనిషి.

"తమ్ముణ్ణి చంపుకునేదాకా నిద్రపోవా ఏమే!"

"వదులు! నన్ను చూడనీ!"

"చూసి? ఇంకోటి కొడతావా?"

పిచ్చిక కాళ్ళు ఇద్దరు, భుజాలు ఇద్దరు పట్టుకున్నారు. మేనేజరు చెయ్యి ఊపాడు. "ఎండలో ఉంచకండిరా. ఫస్టెయిడ్ గదికి తీసుకుపోండి!"

ఫస్టెయిడ్ గది మిల్లు కింది అంతస్తులో, సరిగ్గా మెట్ల కింద.

 ఆ మాట వినగానే సూదక్క ఇందాకటిదాకా దాచిన మాట గొంతు చించుకుని వచ్చింది. "లోపలికొద్దు! మిల్లులోకొద్దు! భూకంపం! వాణ్ణి లోపలికి తీసుకుపోవద్దురా, మీ కాళ్ళు పట్టుకుంటాను, భూకంపం వస్తుంది, ఈ గొడవంతా అందుకే, మిమ్మల్ని బయటికి తేవడానికే కొట్టానురా!"

 అందరూ ఒకేసారి మాట్లాడారు.

"మళ్ళీ మొదలెట్టింది!"

"చంపి, దానికి భూకంపం సాకు!"

"పోయినేడు మా చెల్లి నడుం విరగ్గొట్టావు," అని మేస్త్రమ్మ చెవిలో బుసకొట్టింది, "ఇవాళ వాణ్ణి. ఇంకా సిగ్గు లేదు!" ఆమె చేతులు ఇంకా బిగిశాయి. సూదక్క కాళ్ళు గాల్లో తన్నుకున్నాయి. ఆ చేతిని కండ ఊడొచ్చేలా కొరికింది. మేస్త్రమ్మ పళ్ళు బిగపట్టుకుందే గానీ వదల్లేదు. ఇష్టమైన పిల్లాణ్ణి కాపాడుతున్నాననుకుంది ఆ తల్లి.

మోసుకుపోయిన నలుగురూ పిచ్చికను గదిలో మంచం మీద పడుకోబెట్టారు. కాంపౌండరు గదిలో లేడు, వాడూ గొడవ చూడటానికే వచ్చి గుంపులో చివర ఇరుక్కుపోయాడు. ఆ నలుగురూ కాసేపు ఆగి ఉండాలా వద్దా? ఆగలేదు. బయట సూదక్కకు తన్నులు మొదలయ్యాయని కేకలు వినపడ్డాయి. తామూ నాలుగు తగిలించాలని, మిగిలిన గొడవ ఎక్కడ అయిపోతుందోనని పరిగెత్తుకుంటూ వెనక్కొచ్చేశారు. వాళ్ళ ప్రాణం అలా దక్కింది.

చెప్పులు పడుతున్నాయి. ఒకడు ఆమె కడుపులో తన్నాడు. ఆమెకు అవేవీ తెలియడం లేదు. మిల్లు గుమ్మం ఒక్కటే కనబడుతోంది. "పిచ్చికా! లేచి రారా! బయటికి రారా!"

ముందు కుక్కలు మొరగలేదు, పక్షులు ఎగరలేదు, ఏమీ లేదు. కాళ్ళ కింద నేల ఒక్కసారి ఎవరో విదిలించిన చాపలా అదిరింది. నిలబడ్డవాళ్ళందరూ కూలబడ్డారు. తన్నేవాడి కాలు తన్నబోతుండగానే వాడు వెల్లకిలా పడ్డాడు. నేల లోపలినుంచి రొద వచ్చింది, మగ్గాలన్నీ ఒకేసారి తిరిగినప్పుడు కూడా అంత రొద ఎవరూ వినలేదు. గోదాం రేకులు ఎగిరి పడ్డాయి. మిల్లు గోడ అడ్డంగా చీలింది. మూడో అంతస్తు రెండో అంతస్తు మీద కూర్చుంది, రెండోది మొదటిదాని మీద కూర్చుంది, అన్నీ కలిసి మెట్ల మీద కూర్చున్నాయి. తర్వాత దుమ్ము. ఎర్రటి ఇటుక దుమ్ము జనం మీదికి వచ్చి కళ్ళలో, నోళ్ళలో, ముక్కుల్లో నిండింది.

దుమ్ము తగ్గేసరికి మిల్లు లేదు. ఇటుకల గుట్ట ఉంది, దాని మీద వంగిపోయిన ఇనప దూలాలున్నాయి.

అందరూ ఉన్నారు. ఒకళ్ళనొకళ్ళు తడుముకుని చూసుకున్నారు, పేర్లు పెట్టి పిలుచుకున్నారు. పలకనివాడు లేడు. కుంటి స్వీపరు పలికాడు, ముసలి నేతగాడు పలికాడు, మేనేజరు కళ్ళజోడు లేకుండా గుడ్డివాడిలా నేల తడుముకుంటున్నాడు. అప్పుడు ఒక్కొక్కరికే బుర్రకెక్కింది. కిందికి ఎందుకొచ్చారో, ఎవరు రప్పించారో, ఏం కొట్టుకుంటే వచ్చారో. పిచ్చికను మోసుకుపోయిన నలుగురిలో ఒకడు రెండు చేతులతో తల బాదుకోవడం మొదలుపెట్టాడు. ఇంకొకడు పరిగెత్తుకెళ్ళి ఇటుకలు లాగాడు. వాడి వెనక అందరూ పరిగెత్తారు. పార లేదు, గునపం లేదు, వట్టి చేతులతోనే తవ్వారు, గోళ్ళు ఊడుతున్నా తవ్వారు. "పిచ్చికా! ఒరేయ్ పిచ్చికా!" అని ఇటుకల్లోకి అరిచారు. జవాబు రాలేదు.

మేస్త్రమ్మ మాత్రం కదల్లేదు. కింద పడ్డప్పుడు కూడా ఆమె చేతులు సూదక్క చుట్టూ అలాగే ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. కొరికినచోటి రక్తం ఇద్దరి బట్టల మీదా కారుతోంది. సూదక్క ఆ చేతుల్లోనే వెనక్కి తిరిగింది. తిరిగి రెండు పిడికిళ్ళతో మేస్త్రమ్మ గుండెల మీద కొట్టింది.

"ఎందుకు పట్టుకున్నావే నన్ను? ఎందుకు పట్టుకున్నావు?"

మేస్త్రమ్మ ఆ దెబ్బలు తింటూనే అంది. "వాణ్ణి చంపేస్తావేమోనని పట్టుకున్నా తల్లీ."

"చంపానుగా," అంది సూదక్క.

ఆ మాట అన్నాక ఆమె మళ్ళీ కొట్టింది. మొహం మీద, మెడ మీద, ఎక్కడ పడితే అక్కడ. మేస్త్రమ్మ చెయ్యి అడ్డం పెట్టలేదు, తల తిప్పుకోలేదు. "కొట్టు తల్లీ, కొట్టు" అంటూ కళ్ళు మూసుకుని కూర్చుంది. ఎవరూ విడదీయడానికి రాలేదు. చూడటానికి కూడా ఎవరూ రాలేదు. ఊరు ఊరంతా ఆ ఇటుకల దగ్గరే ఉంది.